అలవాటు పడ్డ చెయ్యి

కెనడాలోని లూనెన్‌బర్గ్ రేవు పక్క పరీక్షాశాలలో వెర్నా కార్కమ్ ఉద్యోగం చేపల్లో కొవ్వెంతో తేల్చడం. చేప ముద్దలో క్లోరోఫాం పోసి కుదిపితే కొవ్వు అందులో కరిగి, బరువుగా అడుక్కి దిగుతుంది. గరాటు అడుగునున్న కుళాయి తిప్పి ఆ అడుగు పొర పట్టుకోవాలి, పైన మిగిలిన నీళ్ళు పారబోయాలి. పెళ్ళి కాకముందు నుంచీ ఇదే పని. ఇన్నేళ్ళలో చేపల కొవ్వు తేలింది, ఆవిడ కాలేయం తేలిపోయింది. ఇక క్లోరోఫాం వాసన కూడా పడదన్నాడు డాక్టరు. ఆ సీసా లేని కొలువు ఆ ఊళ్ళో ఆవిడకి ఇంకోటి లేదు.

అందుకే ఆవిడ పోరగా పోరగా క్లోరోఫాంకి బదులు ఇథైల్ అసిటేట్ తెప్పించారు. గోళ్ళరంగు తుడిచే మందు వాసనే గాని, కాలేయాన్ని అంతగా పీడించదు. మేనేజరు లోవెల్ నికిల్ షరతు పెట్టాడు.

"కొవ్వు చేపల్లో మిగిలింది ఈ ఒక్క హెర్రింగ్ ముద్దే, వెర్నా. పాత పద్ధతిలో ఎంతొచ్చిందో కొత్తదాంట్లోనూ అంతే రావాలి. వస్తే క్లోరోఫాం ఇవాళే బయటికి. రాకపోతే నువ్వు నన్ను పోరకూడదు."

"వస్తుందిలే. ముందు నువ్వు జరుగు, వెలుతురుకి అడ్డం."

పోసింది, కుదిపింది, పొరలు విడేదాకా ఆగింది. కుళాయి తిప్పి అడుగు పొర పట్టింది, పైది పారబోత డబ్బాలో వంపింది. పట్టినదాన్ని ఆవిరి చేసి గిన్నె తూచింది.

కొవ్వు లేదు.

"హెర్రింగ్‌కి కొవ్వు లేదా? మరి ఎవరికి పట్టినట్టు, మన కొత్త మందుకా?" అన్నాడు లోవెల్.

వెర్నా డబ్బా వైపు చూసింది. ఇథైల్ అసిటేట్ నీళ్ళకన్నా తేలిక. దాంట్లో కరిగిన కొవ్వు ఉండేది పై పొరలో. ఆ సంగతి బుర్రకి తెలుసు, చేతికి తెలీదు. ఇప్పుడది పాత పారబోతల్లో కలిసిపోయింది.

"మందు తప్పు కాదు, లోవెల్. పై పొర పారబోశాను. పొరలో పొరపాటు."

లోవెల్ నవ్వబోయి ఆగాడు. "నీ చెయ్యే ఇలా చేస్తే మిగతావాళ్ళ సంగతేంటి? కొనేవాళ్ళకి ఏం చెప్పను?"

"ఇంకో ముద్ద ఇవ్వు."

"ఎక్కణ్ణుంచి తేను? మళ్ళీ హెర్రింగ్ పడేది వచ్చే ఏడే. అప్పుడు చూద్దాం."

"అప్పటిదాకా?"

అతను గోధుమరంగు క్లోరోఫాం సీసా బల్లమీద పెట్టి, తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం కొవ్వు అంతగా ఉండని హాడక్ చేపలొచ్చాయి. వెర్నా మాస్కు బిగించి క్లోరోఫాం మూత తీసింది. పోసింది, కుదిపింది. చెయ్యి దానంతటదే కుళాయి తిప్పి, అడుగు పొరని చుక్క పోకుండా పట్టింది. ఈసారి తప్పేమీ జరగలేదు.