తూముపిడికి బొట్టు

నేను ఒక ఇనుప పిడిని. మూరెడు పొడవు, రెండు వంపులు. ఉప్పుటేటి ఒడ్డున మా ఊరి మురుగు కాలువకు ఒక తూము ఉంది. దాని తలుపును ఎత్తడానికీ దించడానికీ పైన ఒక మర ఉంది. ఆ మరకు నన్ను తగిలించి తిప్పాలి. నేను లేకపోతే మర కదలదు. మర దగ్గరికి మనిషి వెళ్ళలేకపోతే నేనుండీ ప్రయోజనం లేదు. ఈ రెండో సంగతి నాకు కొలిమిలో ఎవరూ చెప్పలేదు. భయమే నేర్పింది.

నన్ను చేసిన కమ్మరి ఎర్రగా కాల్చి, వంచి, నీళ్ళతొట్టిలో ముంచాడు. చుయ్యిమన్నాను. నీళ్ళంటే నాకు అప్పటినుంచే బెదురు. అలాంటి నన్ను తీసుకెళ్ళి నీళ్ళ కాపలాకే పెట్టారు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. తూము పక్క పొలం ఎవరిదైతే పిడి వాళ్ళ ఇంట్లో ఉండాలి. పొలం అమ్మితే పిడి కూడా కొన్నవాళ్ళ చేతికి వెళ్ళాలి. పిడితో పాటు మరో బాధ్యత కూడా వెళ్ళేది. తూము దాకా గట్టు మీద బండి పట్టేంత దారి వదిలిపెట్టాలి. నేల వాళ్ళదే, అయినా దాని మీద నాగలి ఆనకూడదు, చెట్టు నాటకూడదు.

నా మొదటి యజమాని నాగభూషణం నన్ను వసారాలో చిలక్కొయ్యకు తగిలించేవాడు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్ళు ఏటిలోంచి పైకి తన్నుకొస్తాయి. అప్పుడు తలుపు దించేవాడు. సముద్రం వెనక్కి తగ్గి పాటు తీశాక ఎత్తేవాడు. పొలాల్లో నిలిచిన నీరు ఏట్లోకి దిగిపోయేది. ఏరువాకకు ముందు గట్టు మీద తుమ్మమొక్కలు నరికి, మరకు కందెన దట్టంగా పూసేవాడు.

"ఆ మరకి పూసే జిడ్డులో సగం నా తలకి రాసినా ఈపాటికి నెరిసేది కాదు" అని వాళ్ళావిడ దెప్పేది.

"నీ తల నెరిస్తే నేనొక్కణ్ణే చూత్తాను. మర బిగుసుకుంటే ఊరంతా చూత్తది" అనేవాడు ఆయన.

ఆయన పోయాక పిల్లలు పొలం అమ్మేశారు. కొన్నది పద్మనాభం. మంచివాడు, భక్తిపరుడు. కార్తీకమాసం చన్నీళ్ళ స్నానం ఏనాడూ తప్పలేదు. నన్ను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "ఊరిని కాపాడే వస్తువు వసారాలో వేలాడటమేమిటి" అని పూజగదిలో ఎర్రగుడ్డ మీద పడుకోబెట్టాడు. ఆయన భార్య అనసూయమ్మ రోజూ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దీపంలో పోయగా మిగిలిన నువ్వులనూనె చుక్క నా మీద వేసేది. మొదట్లో నాకు గర్వం కలగలేదని చెప్పను.

ఆ తర్వాత పద్మనాభం ఆ పొలంలో చేపలచెరువు తవ్వించాడు. చెరువు గట్టు పెరిగి పెరిగి తూము దారిని మింగేసింది. మిగిలిన కాస్త చోటులో కొబ్బరిమొక్కలు నాటించి, గేదెలు రాకుండా చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. ఆ సంవత్సరాల్లో వానలు తక్కువ. దించిన తలుపు దించినట్టే ఉండిపోయింది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అడగడానికి వచ్చింది బుల్లిరత్నం ఒక్కతే. ఆమె ఇల్లు పల్లపువీధి చివర ఉంది. ఊళ్ళోకి నీరొస్తే మొదట ఆమె గడపే ఎక్కుతుంది.

"బాబుగారండీ, తూము కాడికి దారేదండి?"

"పిడి నా దగ్గర భద్రంగా ఉందమ్మా. చూడు, దేవుడి దగ్గరే పెట్టాం."

ఆమె గుమ్మంలోంచి నన్ను చూసింది. "పిడి బానే ఉందండి. మనిసి ఎల్లే దారి అడుగుతున్నానండి."

"అవసరమైతే కంచె విప్పుతాంలే."

ఆ మాటతో ఆమె వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి దీపం వెలుగులో కూడా చీకటిగానే ఉండేది. దేవుడు ఈ నూనె అడిగాడా, ఆ దారి అడిగాడా? ఇనుపముక్కను, నాకేం తెలుస్తుంది. కానీ నూనెచుక్క పడిన ప్రతిసారీ అక్కడ ఎండలో, ఉప్పుగాలిలో బిగుసుకుపోతున్న మర గుర్తొచ్చేది.

ఒక ఏడాది కార్తీకంలోనే తుఫాను పట్టింది. ముసురు విడవలేదు. ఒక ఉదయం పద్మనాభం పూజలో ఉండగా బుల్లిరత్నం, ఆమె మొగుడు పోసియ్య నడుందాకా బురదతో వచ్చి నిలబడ్డారు.

"మా పిల్ల పచ్చి బాలింతండి" అంది ఆమె. "మంచం కోళ్ళ కింద ఇటుకలెట్టాం. అయ్యి మునిగిపోతే మళ్ళీ ఎట్టాం. బయటికి తెద్దామంటే ఈది మొగలో మెడలోతు వడి."

పోసియ్య ఏట్లో చేపలు వేటాడేవాడు. "ఇప్పుడు పాటు మీదుందండి. మద్దేన్నానికి తిరిగిపోద్ది. ఈ పాటు పోతే మళ్ళీ పాటు రాత్రికేనండి. అప్పటికి మంచం ఉండదు."

పద్మనాభం నన్ను తీసుకుని పరుగెత్తాడు. కంచె దగ్గర ఆగిపోయాం. విప్పుతాం అన్న కంచె తీగలు తుప్పుతో ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయి. చేతులు చీరుకున్నాయి గాని తీగ కదల్లేదు.

"గేదెలకని బాగానే కట్టారండి" అన్నాడు పోసియ్య గునపంతో కంచె రాయి పెకలిస్తూ. "మనవూ రాలేపోతన్నాం."

పద్మనాభం తలెత్తలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆయన జపించే పేరే నేనూ జపించాను. రాయి ఒరిగింది. కొబ్బరిమొక్కలు తొక్కుకుంటూ మెత్తబడ్డ చెరువు గట్టు మీదికి ఎక్కాం. ఆయన కాలు జారింది. నేను చెరువులోకి పడబోయి ఆయన పంచెలో చిక్కుకుని ఆగాను. కింద నీళ్ళు గోధుమరంగులో, నోరు తెరుచుకుని ఉన్నాయి.

తూము మీద గుర్రపుడెక్క గుట్టలా పేరుకుంది. దాన్ని లాగి అవతల పడేసి, నన్ను మరకు తగిలించారు. పద్మనాభం బలంకొద్దీ తిప్పాడు. నేను ఆయన చేతిలోంచి జారిపోయాను. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారాను. ఇన్నేళ్ళ నూనె నా ఒంటినిండా ఉంది. మరలో ఒక్క చుక్క లేదు.

బుల్లిరత్నం నన్ను లాక్కుని మట్టితో తోమి, తడికొంగుతో తుడిచింది. పసుపు, కుంకుమ కాలువలో కలిసిపోయాయి. ముగ్గురూ కలిసి పట్టారు. మర మూలిగింది. పోసియ్య ఏటి మీద తేలే చెత్తనే చూస్తున్నాడు. "నెమ్మదైపోతందండి. తిరిగిపోద్దండి."

తలుపు కదిలింది. జానెడు లేచింది. కింద నీరు ఒక్కసారిగా ఏట్లోకి దూకింది. ఇంకొంచెం అని తిప్పబోతే నా మెడ దగ్గర పటుక్కుమంది. నేను రెండు ముక్కలయ్యాను.

ఆ జానెడు సందులోంచే మిగిలిన పాటంతా నీరు దిగింది. తర్వాత ఏరు వెనక్కి తిరిగింది. ఇప్పుడు తలుపు దించాలి, పిడి లేదు. ఉప్పునీరు అదే సందులోంచి లోపలికి రాసాగింది. అన్నిటికన్నా ముందున్నది పద్మనాభం చెరువే. కంచె రాళ్ళు పీకినచోట గట్టు గండిపడి, ఉప్పునీరు చెరువులోకి మళ్ళింది.

"బస్తాల్లో ఇసకేసి అడ్డం ఎడదామండి, చేపలు పోతాయి" అన్నాడు పోసియ్య.

పద్మనాభం చెరువు వైపు చూడలేదు. "ముందు మంచం చూసి రండి" అన్నాడు.

బుల్లిరత్నం వెళ్ళి, చాలాసేపటికి తిరిగి వచ్చింది. అప్పటికి చేపలు తెల్లగా తేలుతున్నాయి. "ఇటుకలు బయటడ్డాయండి. పిల్ల పాలు తాగతంది" అని చెప్పి, గట్టు మీదే కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు కొత్త పిడి వసారాలో వేలాడుతోంది. చెరువు గట్టు వెనక్కి జరిగింది. దారి మళ్ళీ బండి పట్టేంత ఉంది. నా ముక్కలను పద్మనాభం పూజగదిలోకి తీసుకెళ్ళబోతే అనసూయమ్మ అడ్డం నిలబడింది. "ఇన్నేళ్ళూ బొట్టు పెట్టింది నేను. అది ఎందుకుందో మీరు ఒక్కరోజూ నాకు చెప్పలేదు. దారి పక్కన పాతండి, మీకే గుర్తుంటుంది."

అలా నా పెద్దముక్కను దారి అంచున హద్దుగా పాతారు. నాకవతల, దారి వైపు, ఎవరూ ఏమీ నాటకూడదు. ఇక్కడి నుంచి తూము కనబడుతుంది, మరమీది కందెన ఎండలో మెరవడం కనబడుతుంది. అయినా మబ్బు పట్టినప్పుడల్లా కొబ్బరిమొక్క ఏదైనా నా వైపు జరిగిందేమోనని చూసుకుంటాను.

నిన్న పొద్దున ఎవరో వచ్చి నా మీది మట్టి తుడిచి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్ళారు.

నాకు మళ్ళీ భయం వేసింది.