బయటికి చూసే మొగం

కుంచెలోంచి ఊడి రంగులో ఇరుక్కున్న వెంట్రుకను గోటితో తీసేసి, తిప్పమ్మ రేకు మీద చివరి కోర దిద్దింది. నలభై ఏళ్ల రంగు ఆమె గోళ్ల మూలల్లో గట్టిపడిపోయింది. ఇక కిరసనాయిలుకు కూడా వదలదు.

కదిరి బస్టాండు వెనక వీధిలో, కొత్త ఇళ్లకు కట్టే దిష్టిబొమ్మలు వేయడం ఆమె పని. అచ్చు బొమ్మలు బజార్లో బోలెడు దొరుకుతాయి. తిప్పమ్మ మాత్రం వచ్చినవాళ్లను ముందు ఒక్కటే అడుగుతుంది. "నీకు దేన్ని చూస్తే భయమప్పా?" వాళ్లు చెప్పిందే వేస్తుంది. నల్లమాడ టీచరుకు ఫోను మోగితే గుండె దడ. అతని బొమ్మకు చెవుల్లోంచి నాలుకలు వచ్చాయి. యాడికి ఊళ్లో ఒక కోడలు అత్త పేరు చెప్పింది. ఆ రాక్షసికి తిప్పమ్మ నిక్షేపంగా ముక్కుపుడక పెట్టింది. ఆ అత్త ఇప్పటికీ తిప్పమ్మను తిడుతూనే ఉంది.

ఇవాళ్టిది ఆమె సొంత భయం. బొమ్మ నుదుటి మీద బోరు బండి నిలువునా లేచింది. నాలుక ఉండాల్సిన చోట ఇనుప పైపు, దాని కొస నుంచి రాలేది దుమ్ము. భర్త ఆంజినప్ప పొలంలో ఏడు బోర్లు వేయించాడు. ఏడోదీ ఎండాక ఆ గొట్టానికి చెవి ఆనించి, లోపల నీళ్లు కదులుతున్నాయంటూ రోజులు గడిపాడు. అలా వింటూనే పోయాడు. ఆమెకు ఈనాటికీ ఏడుపు కంటే కోపమే ఎక్కువ.

అనంతపురంలో అశ్విని అనే చిత్రకారిణి పీడకలల బొమ్మల ప్రదర్శన పెడుతూ, తిప్పమ్మకూ ఒక గోడ ఇచ్చింది. రేకును పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, పదకొండింటికి ఆమె హాలు చేరింది. తెల్లటి గోడల మీద కళ్లు లేని గుర్రాలు, మనిషి తలలు కాసిన చెట్లు. చదువుకున్న పిల్లలకూ ఇన్ని భయాలున్నాయా అని ముచ్చటపడింది.

రేకుకు చుట్టిన చీర విప్పగానే అశ్విని ముఖం పాలిపోయింది. ప్రారంభించడానికి వస్తున్న లక్ష్మీపతిది బోరు బండ్ల వ్యాపారం. హాలు ఇప్పించింది కూడా ఆయనే.

"అవ్వా, ఆ బండి మీద, పైపు మీద కొంచెం నల్లరంగు పూద్దామా? ఆయన నొచ్చుకుంటారు."

"ఆయప్ప నొచ్చుకుంటే నాకేం పాపా? నా భయం యాడుండాదో ఆడనే ఉంటాది."

"పోనీ, లోపలి గదిలో పెడదాం."

"ఇది లోపల పెట్టే బొమ్మ కాదు. భయం బయట్నుంచి వస్తాది. బొమ్మ దాని మొగంలోకే చూడాల."

తిప్పమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీని వాకిట్లోకి లాక్కుని ఎక్కింది. రిబ్బను కట్టిన తలుపు పైన, వెంటిలేటరు కమ్మీకి, రేకును వీధివైపు తిప్పి ఇనుప తీగతో బిగించింది. ఆపడానికి వచ్చిన అశ్విని ఊగుతున్న కుర్చీని చూసి, అది కదలకుండా పట్టుకుంది.

"తీసేస్తారేమో అవ్వా."

"తీయనీ. తీసేటోడు చూసే కదా తీయాల."

ఆమె ప్రారంభం దాకా ఉండలేదు. కదిరిలో ఇంకో ఇంటి బొమ్మ సగంలో ఉంది. రెండింటి బస్సుకు వెళ్లిపోయింది.

సాయంత్రం కత్తెర పట్టుకుని నిలబడ్డ లక్ష్మీపతి తలెత్తాడు. నుదుటి మీది బోరు బండిని చూసి, ఆ బొమ్మను దించమన్నాడు. దించాలంటే ఆ కుర్చీ ఎక్కాలి. అశ్విని కదల్లేదు. ఆమెను చూసి మిగతా చిత్రకారులూ కదల్లేదు. రిబ్బను ముందు తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద రెండు పాదాల ఎర్రమట్టి.