గడియ బయట ఉంది

"టేపు వదలకు ఇల్దే, ఆ పనైనా సరిగ్గా చెయ్యి" అన్నాడు ఆమె భర్త రుజ్జేరో.

ఇల్దే గోడకి ఆనించి పట్టుకుంది. ఆదివారం వస్తే చాలు, కొండ ఊళ్ళలో ఏదో ఒక పాత చర్చి. పొద్దున్నే లేచి రొట్టెలూ చీజూ కట్టాలి, దీపాలు మొయ్యాలి, కొలతలు చెప్పాలి, ఇంటికొచ్చాక నక్షాలు గియ్యాలి. ఆ చర్చిల గురించి వేసే పుస్తకం మీద పేరు మాత్రం రుజ్జేరోది. ఆమే ఆర్కిటెక్టు, అతను చరిత్ర మేష్టారు. "గోడలు కొలిచే కోడలు నాకెందుకు? పులుసు మాడకుండా చూస్తే చాలు" అని అత్తగారు నొర్మా పెళ్ళైన కొత్తలో అన్నప్పుడు అందరూ నవ్వారు. ఇల్దే కూడా నవ్వింది. ఆ ఏడాదే ఉద్యోగం మానేసింది. ఎందుకు మానేసిందో ఇప్పుడు ఎవరైనా అడిగితే, తనే మానుకున్నాననే చెబుతుంది.

ఆ రోజు లెక్క కుదరలేదు. చర్చి బయటి గోడకీ లోపలి గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలిపోతోంది. ఆమె పాదిరీల వస్త్రాలు దాచే గదిలోకి వెళ్ళి పాత బీరువాని పక్కకి జరిపింది. వెనకాల నడుమెత్తు తలుపు, దానికి తుప్పు పట్టిన గడియ.

"దొరికింది! నేను అనుకుంటూనే ఉన్నా" అన్నాడు రుజ్జేరో. ఇద్దరూ కలిసి గడియ లాగారు. "నువ్వు సన్నగా ఉంటావు, లోపలికెళ్ళు."

ఇల్దే వంగి లోపలికి దూరింది. రాతి బల్ల, అన్నం అందించడానికి అరచేతి వెడల్పు కంత. అంతే. దీపం తిప్పితే తలుపు లోపలి చెక్క కనిపించింది. కింది భాగమంతా గీతలు. పక్కపక్కనే నాలుగేసి. ఆమె తన వేళ్ళు వాటిమీద ఆనించి చూసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇవేంటి రుజ్జేరో?"

"ఎలుకలు."

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడి ఫోనులో తల్లితో మాట్లాడుతున్నాడు. వెలుతురు రావడం లేదు. "అవునమ్మా, నేనే కనిపెట్టా. ఇల్దేనా? లోపలుంది. తలుపేసేస్తే ఇంట్లో ఎంత ప్రశాంతమో!" అవతల నొర్మా నవ్వు గరగరలాడింది. సరదాకే అతను తలుపుని తోశాడు. సగం మూసుకుని ఆగింది. ఇల్దే అరవలేదు. అరవాలని తోచకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

బయటికి వచ్చేసరికి ముసలి పాదిరి నిలబడి ఉన్నాడు. రుజ్జేరో అప్పటికే వివరిస్తున్నాడు. "పూర్వం ఇందులో ఉన్నది ఓ పుణ్యాత్మురాలు ఫాదర్. ఎవరి బలవంతమూ లేదు. దేవుడి కోసం తనంతట తనే లోపల ఉండిపోయింది."

"లేదు ఫాదర్" అంది ఇల్దే. "గడియ బయట ఉంది."

ఇన్నేళ్ళలో అతని మాటకి ఆమె అడ్డు రావడం అదే మొదలు. రుజ్జేరో మొహంలో నవ్వు చెదరలేదు. దగ్గరికి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని, చాలా మెత్తగా అన్నాడు: "కారెక్కు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఆ మెత్తదనం తర్వాత ఏం వస్తుందో ఇల్దేకి తెలుసు. పక్కగదిలో అత్తగారు టీవీ శబ్దం పెంచడం కూడా తెలుసు.

ఆమె చెయ్యి విడిపించుకుంది.

"ఫాదర్, కిందికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుంది?" అని అడిగింది. "అక్కడిదాకా మీరు నాతో నడిచి రావాలి."