కొబ్బరి పెరుగు తోడుకునేలోపు

మా ఆయన పదకొండు రోజులుగా ఒకే భోజనం మీద కూర్చుని ఉన్నారు.

పప్పు అయింది, కూర అయింది, పులుసు అయింది, చారు కూడా అయింది. పెరుగు ఒక్కటే కాలేదు. ఆయనకు పాలు, పెరుగు, నెయ్యి పడవని పెళ్ళికి ముందే డాక్టరు రాసిచ్చాడు. నేను ఆ కాగితం చదివి, ఫ్రిజ్‌లో పెరుగన్నది లేకుండా చూసుకున్నాను. పెరుగన్నం తినకుండా మా వాళ్ళలో ఎవరి భోజనమూ పూర్తి కాదన్న సంగతి మాత్రం, ఆయన చారు జుర్రేసి నా వైపు చూసినప్పుడే తట్టింది. ఆయన లేవడానికి రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ కుర్చీ, పళ్ళెం కూడా ఆయనతో పాటే లేచాయి.

నాకైతే సంతోషంగానే ఉంది. కొత్తగా పెళ్ళయిన నా స్నేహితురాళ్ళ భర్తలంతా పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళిపోతారు. మా ఫణీంద్రగారు మాత్రం రోజంతా కాకినాడలో, మూడో అంతస్తులో, కిటికీ పక్కన నాకు ఎదురుగా ఉంటారు. నేను ఆయనకు తల దువ్వుతాను. ఆయన ఎడమ చేత్తో నాకు జడ వేయడం నేర్చుకుంటున్నారు. మూడు పాయల్లో రెండు బాగా కుదురుతున్నాయి.

ఇబ్బందల్లా కుడి చేత్తోనే. ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకోకూడదని చిన్నప్పుడు అందరికీ చెప్తారు. ఎందుకో చెప్పరు. మొదటిరోజు వేళ్ళు ఎండాయి. నాలుగో రోజుకు మణికట్టు, ఎనిమిదో రోజుకు మోచెయ్యి. ఇవాళ భుజం. ఎండిన మేర చెయ్యి గట్టిగా, తేలిగ్గా ఉంది. వేలితో కొడితే లోపల ఖాళీగా మోగుతుంది.

"మధ్యలో కడిగేసుకోండి, ఏమవుతుంది?" అన్నాను రెండో రోజునే.

"కడిగితే అన్నం వదిలేసినట్టే కదా. ఈ ఇంట్లో నువ్వు పెట్టిన మొదటి అన్నం. ఎలా వదిలేస్తానే?"

ఆ మాటకు సాయంత్రం దాకా నాలో నేనే నవ్వుకున్నాను. ఆ లోపు ఆయన బొటనవేలు వంగడం మానేసింది.

భుజం నుంచి గుండెకు జానెడు దూరం. కొలిచి చూశాను. ఆ జానెడూ ఎండేలోపు, పాల చుక్క కలవని పెరుగు ఒకటి తోడుకోవాలి. కొబ్బరిపాలు తోడుకుంటాయని కాలేజీలో నా పక్క బెంచీ అమ్మాయి ఎప్పుడో చెప్పింది. ఆ అమ్మాయి పరీక్షల్లో ఎప్పుడూ తప్పు రాయలేదు.

పొద్దున్నే మూడు కొబ్బరికాయలు కొడతాను. మూడూ సరిగ్గా సగానికి పగులుతాయి. ఇలాంటివాటికే నాకు గాల్లో తేలినట్టుంటుంది. కొబ్బరి తురిమి, వేడినీళ్ళు పోసి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో పిండుతాను. తొలిపాలు చిక్కగా, నా పెళ్ళిచీర రంగులో దిగుతాయి. విరక్కుండా చెంచాడు బియ్యప్పిండి కలిపి సన్నటి సెగ మీద కాచి, చిటికెనవేలు పట్టేంత వెచ్చగా అయ్యేదాకా ఆర్చుతాను.

ఎదురింటి మంగతాయారు పిన్నిగారు గిన్నెతో వస్తారు. ఆవిడ ఎప్పుడూ తలుపు కొట్టరు. మా తలుపు ఆవిణ్ణి చూడగానే తనే పక్కకు తప్పుకుంటుంది.

"ఏవమ్మాయ్, అల్లుడుగారు ఇంకా చారు మీదే ఉన్నారా?"

"ఉన్నారు పిన్నిగారూ."

"ఇదిగో, ఆవు పెరుగు. ఒక్క చుక్క తోడెయ్యి. చుక్కకేం అయిపోతుంది?"

"చుక్కయినా ఆయనకు తెలిసిపోతుందండి."

"కిందటిసారి మా ఆఫీసులో కాఫీలో చుక్క పాలు కలిస్తే," అని మా ఆయన కిటికీ పక్కనుంచి అందుకుంటారు, "మూడు రోజులు నేను నాలో లేను పిన్నిగారూ. మా మేనేజరే నాలో కూర్చుని సంతకాలు పెట్టాడు."

"అయ్ బాబోయ్," అంటారావిడ. "అయితే మిరపకాయ తొడిమలు వెయ్యి. మా అంబాజీపేటలో పెరుగు చుక్క దొరక్కపోతే మా అమ్మ అదే చేసేది. ఏడు వెయ్యి. ఎనిమిది వేశావా, ఇక దానిష్టం."

ఏడు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి పాలల్లో వేస్తాను. మూత పెట్టి, గిన్నెను ఎండ తగిలే గట్టు మీద ఉంచుతాను. అప్పుడు కూడా ఆయన ముందుకెళ్ళి చిన్నపిల్లలా గంతు వేస్తాను. ఆయన ఎడమ చేత్తో చప్పట్లు కొట్టబోతారు. ఒక చేత్తో చప్పట్లు సగమే వినిపిస్తాయి.

పదకొండింటికి మొట్టమొదట బకెట్లో నీళ్ళు తోడుకుంటాయి.

చెంబు ముంచితే ముక్కగా వస్తుంది. కొళాయి తిప్పితే తెల్లటి గడ్డ సగం దిగి ఆగిపోతుంది. తర్వాత గోడ మీద ఎండ తోడుకుంటుంది. చేత్తో తాకితే చల్లగా, కాస్త జిగురుగా ఉంది. వీధిలో అరటిపళ్ళ ఆయన కేక మా కిటికీ ఎత్తుకు వచ్చి అక్కడే పేరుకుపోతుంది. దాన్ని చెంచాతో పక్కకు నెడతాను. ఇంట్లో ఉన్నదంతా తోడుకుంటోంది. మూత తీసి చూస్తే కొబ్బరిపాలు పాలలాగే కదులుతున్నాయి. ఏడు తొడిమలూ పైన తేలుతున్నాయి.

"ఎనిమిది వేశావేమో," అంటారు పిన్నిగారు.

"ఏడేనండి. లెక్కపెట్టి వేశాను. డిగ్రీలో లెక్కలే చదివాను."

"మరి దానికి ఇష్టం లేదేమో అమ్మాయ్. ఇష్టం లేనిదాన్ని ఏం చేస్తాం."

ఎండిపోవడం మెడ కిందిదాకా వచ్చింది. నేను బకెట్లోంచి ఒక ముక్క నీళ్ళు కోసి, అన్నంలో కలిపి, ఉప్పు వేసి, ఆయన నోట్లో పెడతాను. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా నములుతారు.

"బాగుందా?"

"బాగుందే. కానీ నీళ్ళే."

"పెరుగనుకోకూడదూ?"

"నేననుకుంటాను. భోజనం అనుకోవడం లేదు."

కుర్చీ ఆయనను వదలడం లేదు. పెరుగు తోడుకున్నా ఇక చెయ్యి కడుక్కోవడానికి పారే నీళ్ళు ఇంట్లో లేవు. ఆ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి అర్థమవుతుంది. ఇద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి రావడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. నాకు సిగ్గు ముంచుకొస్తుంది.

"నవ్వుతావేంటే?" అంటారాయన.

"ఏం లేదండి."

"నాకు పెరుగు కాదే కావలసింది," అని ఏదో చెప్పబోతారు. పెదవులు ఎండిపోతాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొబ్బరిపాలు తోడుకుంటాయి.

నేను కేక పెడతాను. గిన్నె వంచితే పెరుగు కదలదు. చెంచా దించితే అంచు కత్తితో కోసినట్టు నిలబడుతుంది. కాస్త పులుపు, వెనకాలే కొబ్బరి తీపి. ఇంత మంచి పెరుగు మా ఇంట్లో ఎవరూ తోడు పెట్టి ఉండరు. చెంచా నిండా తీసుకుని పరిగెత్తుతాను. ఆయన నోరు మూసే ఉంది. చెంచా పళ్ళకు తగిలితే తలుపు కొట్టినట్టు చప్పుడవుతుంది.

పిన్నిగారు ఆయన రెండు భుజాలూ పట్టుకుని, చెవి దగ్గరగా పెట్టి, ఒకసారి ఊపుతారు. లోపల ఏదో ఊడి గలగలమంటుంది.

"కురిడీ అయిపోయారమ్మా," అంటారావిడ. "కాయలో నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి చిప్పను వదిలేసిందంటే అంతే. మా ఊళ్ళో ఈ చప్పుడుకి మంచి ధర ఉంది. ఏడవకు."

"నేను ఏడవడం లేదండి. కన్నీళ్ళు కూడా తోడుకున్నాయి."

ఆవిడ నా చెంపల మీదివి రెండు వేళ్ళతో తీసి, తన గిన్నెలో వేసుకుని వెళ్ళిపోతారు.

నేను ఆయన తలను నెమ్మదిగా ముందుకు వంచుతాను. మెడ వెనక, నేనే దువ్విన జుట్టు కింద, మూడు కళ్ళున్నాయి. రెండు గట్టిగా మూసుకున్నాయి. మూడోది మెత్తగా ఉంది. తలపిన్నుతో పొడిస్తే చిన్న కన్నం పడుతుంది. పెరుగు అందులోంచి దిగదు. మరీ గట్టిగా తోడుకుంది. కవ్వంతో చిలుకుతాను, పల్చబడమని బతిమాలుతాను. చిలికేకొద్దీ అది ఇంకా గట్టిపడుతుంది. చివరికి కవ్వాన్ని పట్టేసుకుంటుంది.

అప్పుడు కన్నానికి నా కన్ను ఆనించి చూస్తాను.

లోపల పొడవాటి హాలు. గోడలు తెల్లగా, నున్నగా, కొబ్బరి వాసనతో ఉన్నాయి. వరసగా అరిటాకులు పరిచారు. నీళ్ళు చిలకరించిన తడి ఇంకా మెరుస్తోంది. బియ్యపుగింజంత మా ఆయన, పసుపు బట్టల్లో, ఇప్పుడే కడుక్కున్న రెండు చేతులూ విదిలించుకుంటూ హుషారుగా వస్తున్నారు. చుక్కలు రాలుతున్నాయి. అక్కడి నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఒక ఆకు ముందు కూర్చుని తలెత్తుతారు.

"కరెంటు పోయిందేంటండీ?" అంటారు పక్కనున్న ఖాళీ ఆకుతో.

అది నా కన్నే. లోపలికి వెలుగు వచ్చే దారి అదొక్కటే. నేను చూస్తున్నంతసేపూ ఆయనకు చీకటి.

ఇంకొక్క క్షణం చూస్తాను. తర్వాత కన్ను తీసేస్తాను. లోపల కరెంటు వచ్చినట్టు, నాకు కనబడని జనం హాయిగా అరుస్తారు, గంటెలు కదులుతాయి, కన్నంలోంచి వేడి వేడి పప్పు ఆవిరి నా నుదుటికి తగులుతుంది.