వత్సల ఆగలేదు

1938లో ఒక ఆదివారం నాందేడ్‌లో గోదావరి పొంగుతుండగానే క్రైస్తవుల ప్రార్థన మొదలైంది. పరిశుద్ధాత్మ ఆవేశంలో, తాను నేర్వని అన్యభాషల్లో ప్రార్థించే వరమున్న భోజన్నను ఆ రోజు సంఘపెద్దగా ఎన్నుకోవాలి. అంతలో వత్సల పరుగున వచ్చింది.

"అన్నా, మా వాడకు నీళ్లచ్చినయ్! అనుసూయవ్వ ఇంట్ల ఒక్కతే ఉన్నది!"

క్రైస్తవురాలైందని వత్సలను ఏడాదిగా బావి దగ్గరికి రానివ్వనిది ఆ అనుసూయే. భోజన్న కళ్లు మూసుకున్నాడు.

"ఆగుండ్రి, దేవుడు ఏమంటడో అడుగుత."

వత్సల ఆగలేదు. వాడకు ఉరికి, కొంగు బిగించి నడుములోతు నీళ్లలోకి దిగింది. భోజన్నతో సహా అందరూ వెనకే పరుగెత్తి తాడు విసిరారు. ముసలమ్మను వీపున మోసుకుంటూ ఆమె ఒడ్డెక్కగానే వాడంతా కేకలతో మారుమోగింది.

"నిన్ను బావి కాడికి రానియ్యకపోతి గద, బిడ్డా!" అనుసూయ ఏడ్చేసింది.

"గదంతా ఇప్పుడెందుకవ్వా? చలి పెడుతుందా?"

భోజన్న ముఖం వెలిగిపోయింది. "నాకు భాషలచ్చినయ్ గని, గీ ప్రేమ రాలే. పెద్దరికం మా వత్సల చెల్లెకియ్యుండ్రి!" అని అరిచాడు.

తడిబట్టలతోనే సంఘంవాళ్లందరూ ఆమెనే ఎన్నుకుంటూ చేతులెత్తారు.