లాగితేనా, తోస్తేనా

గొడుగుకి ఎనిమిది పుల్లలుంటాయి, ఒకటి పోతే కొంప మునిగిపోదని శ్రీనివాసరాజు వాదన. కొంప మునగదు గానీ తన ఎడమ భుజం తడుస్తుందని అతని భార్య శ్రీసత్య వాదన.

"బజార్లో ఇనప తీగే దొరకలేదా మీకు?"

"దొరుకుతుంది. ఇంత తిన్నగా దొరకదు."

భోజనాల బల్ల మీద చెయ్యంత పొడవు బోటు ఉంది. దాన్లో పెట్రోలు వాసన కొట్టే చిన్న ఇంజనూ, పక్కనే సర్వో అనే అగ్గిపెట్టంత మోటారూ. రిమోటు మీద లివర్ కదిపితే సర్వో చెయ్యి తిరుగుతుంది. ఆ చేతికీ, ఇంజను కార్బురేటర్ మూతకీ మధ్య బిగించడానికే గొడుగు పుల్ల బలైంది. లివర్ ముందుకు తోస్తే మూత తెరుచుకుని బోటు పరిగెత్తాలి. పూర్తిగా వెనక్కి లాగితే మూసుకుపోయి ఇంజను ఆగాలి.

అతను తోశాడు. మూత తెరుచుకుంది గానీ సర్వో గుర్రుమని మూలిగింది.

"తెరుచుకున్నాక కూడా ఇంకా నెడుతోందండి అది. పుల్లని సర్వో చేతికున్న లోపలి రంధ్రానికి మార్చండి," అంది శ్రీసత్య, కోపం తగ్గకుండానే.

మార్చాడు. మూలుగు ఆగింది. "నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు.

ఇదంతా పడక్కుర్చీలోంచి చూస్తున్నారు శ్రీసత్య మావగారు జగపతిరాజు. మోకాలి ఆపరేషనయ్యాక ఆయన చెరువుగట్ల మీద తిరగడం మానేశారు. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, బోటునైనా చెరువంతా తిప్పాలని ఆయన కోరిక.

"ఒక్కసారి నాకివ్వరా అబ్బాయ్."

ఇస్తే, స్పీడు కోసం లివర్ని వెనక్కి లాగారు.

"తొయ్యాలండి నాన్నగారూ!"

"ట్రాక్టరుకి లాగితేనే స్పీడు. మనిషన్నాక కావలసినదాన్ని తన వైపు లాక్కుంటాడు గానీ అవతలికి తోసేస్తాడా?"

"ఇది ట్రాక్టరు కాదండి. గట్టుకి కొట్టారంటే ముక్కలే." కొడుకు మెత్తబడ్డాడు. "సరే, ఆదివారం నడపండి. అవతలి గట్టుదాకా వెళ్ళి, ఎక్కడా తగలకుండా వెనక్కొస్తే బోటు మీ చేతికిస్తా. లేదంటే మళ్ళీ అడక్కూడదు."

"ఆయ్," అన్నారు పెద్దాయన. ఆ పూట పెరుగన్నం తినకుండానే లేచిపోయారు.

శ్రీసత్య అది గమనించింది. శనివారం భర్త ఇంజను ఆయిలు పార్సిలు కోసం భీమవరం వెళ్ళగానే రిమోటు తిరగేసి చూసింది. అడుగున, 'రివర్స్' అన్న అక్షరాల కింద, చిన్న స్విచ్చి. గోటితో అటు నెట్టింది. ఇక లాగితేనే స్పీడు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పప్పు నానబోసుకుంది.

ఆదివారం ముగ్గురూ రొయ్య వెయ్యకుండా వదిలేసిన చెరువు దగ్గరికి వెళ్ళారు. శ్రీనివాసరాజు ఇంజను స్టార్ట్ చేసి, బోటుని నీళ్ళలోకి వదిలి, రిమోటు తండ్రి చేతికిచ్చాడు. పెద్దాయన ధీమాగా నవ్వారు. శ్రీసత్య అంతకంటే ధీమాగా నవ్వింది. బోటు మెల్లగా చెరువు మధ్యకి చేరేదాకా ఆగి, ఆయన లివర్ లాగారు.

ఇంజను టక్కున ఆగిపోయింది.

"చెప్పానా!" అంటూ కొడుకు లుంగీ విప్పి, నిక్కరుతో నీళ్ళలోకి దిగాడు.

"అదేంటమ్మా సత్యా," అన్నారు మావగారు గొంతు తగ్గించి, "నిన్న వాడు లేనప్పుడు పుల్ల ఊడదీసి, సర్వో చేతికి రెండోవైపు బిగించాను. లాగితే తెరుచుకోవాలి కదా!"

శ్రీసత్యకి నవ్వాగలేదు. "నిన్నే నేనూ స్విచ్చి మార్చానండి. మీరు తిప్పిందాన్ని నేను మళ్ళీ తిప్పేశాను."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇప్పుడెలా?"

భర్త గుండెలోతు నీళ్ళలో, వీపు ఇటు తిప్పి ఉన్నాడు. శ్రీసత్య స్విచ్చిని వెనక్కి నెట్టేసింది.

అతను ఒడ్డు దాకా వచ్చి, మోకాలిలోతు నీళ్ళలోనే బోటు మీదికి వంగి, "ఇంకొక్కసారే. స్పీడు తగ్గించి పట్టుకోండి," అన్నాడు. పెద్దాయన బుద్ధిమంతుడిలా లివర్ కొంచెం ముందుకు తోసి పట్టుకున్నారు. ఇంజను అందుకుంది. అప్పుడు లాగారు.

బోటు నీళ్ళు చీల్చుకుంటూ అవతలి గట్టుదాకా వెళ్ళింది. గట్టుకి జానెడు దూరంలో వంపు తిరిగింది. కొంగ ఒకటి తిట్టుకుంటూ లేచిపోయింది. బోటు వెనక్కొచ్చి, ఇంకా నీళ్ళలోనే నిలబడ్డ కొడుకు చుట్టూ ప్రదక్షిణ చేసి, మొహాన నీళ్ళు కొట్టింది.

"ఒరే అబ్బాయ్, పక్కకి తప్పుకో. ట్రాఫిక్కి అడ్డం."

శ్రీనివాసరాజుకి రోషం వచ్చింది. గట్టెక్కి రిమోటు తీసుకున్నాడు. "అంత జోరుగా కాదండి. చూడండి, ఇలా." ముందుకు తోశాడు.

ఇంజను ఆగిపోయింది. అదీ గట్టుకి బాగా దూరంగా, గుర్రపుడెక్క మొక్కల మధ్యలో.

అతను రిమోటు వంక చూశాడు. తండ్రి వంక చూశాడు. తండ్రి ఆకాశం వంక, భార్య తన చెప్పుల వంక చూస్తున్నారు. మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

మధ్యాహ్నం రొయ్యల ఇగురుతో భోజనానికి కూర్చున్నారు. శ్రీనివాసరాజు తల మీద తువ్వాలు. ఇంటికి రాగానే బోటు విప్పి, పుల్ల రెండోవైపుకి మారడం చూసుకున్నట్టున్నాడు, అలాగైతే మొదటిసారి లాగినప్పుడు ఎందుకాగిందా అని వేళ్ళ మీద లెక్కేస్తూ సగం ముద్దలు తిన్నాడు. తర్వాత రెండు తుమ్ములు తుమ్మి, గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఆదివారం నుంచి బోటు నాన్నగారు నడుపుతారు. ఆగిపోతే నేను నీళ్ళలోకి దిగుతాను." శ్రీసత్య వైపు తిరిగాడు. "నువ్వు నాన్నగారికి కుర్చీ మొయ్యి. రిమోటు మాత్రం ముట్టుకోకు."