పెరట్లో తేనెపెట్టెలు

అక్క కాన్పుకని పుట్టింటికి వెళ్లొచ్చేసరికి ఇంట్లో విడిచిన బట్టలు విడిచినట్టే ఉన్నాయి. ఆమె చెప్పులు విప్పుతుండగానే అత్తగారు బకెట్ చూపించి, "నీ చేతి ఉతుకు ఎవరికీ రాదమ్మా" అన్నారు. అత్తగారి మెచ్చుకోళ్లన్నీ ఇంతే, ప్రతిదాని వెనకా ఓ పని ఉంటుంది. ఆమె లోలోపల నవ్వుకుని, బట్టలన్నీ ఉతికి పెరట్లోకి వెళ్లింది. తీగ మీద మొదటి చీర ఆరేసిందో లేదో, తేనెటీగలు వచ్చి తడి అంచు మీద వాలాయి. ఒకటీ అరా కాదు. గోడ వార గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి, వాలబోయి, వాలే చోటు లేక మళ్లీ లేస్తున్నాయి. పెట్టెలు ఉండాల్సిన చోట ఉత్త ఇనప స్టాండ్లున్నాయి. చీమలు ఎక్కకుండా వాటి కాళ్ల కింద తను పెట్టిన నీళ్ల గిన్నెలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముందు దొంగలనుకుంది, పిచ్చిది. ఆడపిల్లకి అందరూ బయటి దొంగల గురించే కదా జాగ్రత్తలు చెప్పేది.

లోపలికి పరిగెత్తితే, భర్త అన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే సంగతి చెప్పాడు. పెట్టెలు తన తమ్ముడికి ఇచ్చేశాడట. వాడు కాలవ అవతల చేలో పెట్టుకున్నాడట. పల్లెల్లో కుర్రాళ్లు సొంతంగా ఏదైనా మొదలుపెడితే చేయూతనిచ్చే వాళ్లెవరో వచ్చారట. అప్పటికే చేతిలో ఏదో ఒక పని ఉన్నవాళ్లకే డబ్బిస్తామన్నారట.

"వాడికో దారి దొరికింది. నీకిక్కడ ఏం తక్కువ?" అన్నాడు.

మగపిల్లాడికి బతుకుతెరువు ముఖ్యమనీ, నీకైతే అది కాలక్షేపమేగా అనీ అత్తగారు పక్క నుంచి అందుకున్నారు.

మరిదిదీ ఆమెదీ ఒకటే వయసు. అతను ఇంకా కుర్రాళ్ల లెక్కలోనే ఉన్నాడు. ఆమె మాత్రం పెళ్లినాడే కోడళ్ల లెక్కలోకి వెళ్లిపోయింది. కాలక్షేపమట. ఉన్న ఒక్క పెట్టెలోని ఈగల్నీ రెండుగా విడగొట్టి, కొత్త రాణి ఈగ పుట్టేదాకా రోజూ గుండె చేత్తో పట్టుకుని, గోడ వారంతా పెట్టెలతో నింపింది ఆమె. ఈగ కుట్టి కన్ను వాచి తెరుచుకోని రోజున కూడా పొయ్యి ముందు నిలబడింది. ఆ మొహం చూసి వచ్చినవాళ్లంతా నవ్వుతుంటే, మా ఆవిడకి నాకన్నా ఈగలంటేనే మోజని భర్త ఇంకా నవ్వించాడు. అయినా అతని మీద కోపం రాలేదు. మొదటిసారి తేనె తీసిన రోజు ఈగలు కుట్టకుండా పక్కన కూర్చుని పొగడబ్బా ఊదింది అతనే. "ఇది నీ సొంతం. ఇందులో నీ మాటే మాట" అన్నదీ అతనే. అత్తగారి దెప్పుళ్లన్నీ ఆ ఒక్క మాట అండతో దులిపేసుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడా నోటితోనే అతను పెరుగు వెయ్యమన్నాడు. మనిషిని నమ్మడమంటే ఇంత తెలివితక్కువ పనా అనిపించింది.

ఎప్పుడు తీసుకెళ్లారని అడిగింది. ట్రాక్టర్ ఖాళీగా దొరికిందని నిన్న మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లారట. ఆ వేళకి సగం ఈగలు పూల మీదే ఉంటాయి. చీకటి పడ్డాక, అన్నీ లోపలికి చేరాక తలుపు మూసి కదపాలి. అదీ బాగా దూరం తీసుకెళ్లాలి. కాలవ అవతలంత దగ్గరైతే మర్నాడు మేతకి లేచినవి కూడా పాత చోటికే వచ్చేస్తాయి. ఆమె లేని సమయం చూసి చేసిన పని కాబట్టి, ఇది చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇంతలో ఫోన్ మోగింది. మరిదిని ఈగలు మొహమంతా కుట్టేశాయట. భర్త ఫోన్ ఆమె చేతికిచ్చి, ఏం చెయ్యాలో వాడికి చెప్పమన్నాడు. పెట్టెల జోలికి పోకుండా దూరంగా కూర్చోమని చెప్పి పెట్టేసింది.

"రోజూ పొద్దునా సాయంత్రం నువ్వెళ్లి చూసుకుందువుగానిలే. పెట్టెలు వాడివైతే మాత్రం, పని నీదేగా" అన్నాడు భర్త. వెటకారంగా అనలేదు. ఎంతో ప్రేమగా, ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు.

ఆమె పెరట్లోకి వచ్చి నర్సరీ ఆవిడకి ఫోన్ చేసింది. పొరుగూళ్లో పండ్లతోట, మొక్కల వ్యాపారం ఆవిడవి. పూత కాయగా నిలవడానికి ఈగలుంటే మంచిదని, తోటలో పెట్టెలు పెట్టుకో, ఉండటానికి గదిస్తానని ఎన్నోసార్లు అడిగింది. ఇల్లెవరు చూస్తారని ప్రతిసారీ ఈమే తప్పుకుంది.

పొద్దు వాలేసరికి నర్సరీ నుంచి మొక్కల వ్యాన్ వచ్చింది. దిక్కులేకుండా తిరిగిన ఈగలు, వాటి కోసం ఆమె కొట్లోంచి తెచ్చి స్టాండు మీద పెట్టిన ఖాళీ పాత పెట్టెలోకి అప్పటికే చేరాయి. తమ్ముడికి సాయం వెళ్తోందనుకుని, దాన్ని ఎక్కించడానికి భర్త ఓ చెయ్యి కూడా వేశాడు.

చేలో మరిదికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెట్టెలు తీసుకెళ్లిపోతున్నానని చెబితే బిక్కమొహం వేశాడు.

"అదేంటి వదినా, నువ్వే ఇమ్మన్నావటగా. నా గురించి దిగులుతో నీకు తిండి కూడా సయించట్లేదని అన్నయ్య చెప్పాడు. ఆ వచ్చినవాళ్లక్కూడా అదే చెప్పాడు. నీ రుణం ఎలా తీర్చుకోవాలా అని ఇందాకటిదాకా అనుకుంటున్నా."

ఆమె గట్టు మీద కూర్చుంది. పెట్టెలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. కానీ అనని మాట అన్నదని చెప్పి, భర్త ఆమె నోరే వాడుకున్నాడు. ఆమె పుట్టింటి వైపు బస్సెక్కుతుంటే చెయ్యి ఊపిన మనిషి, వెనక్కి వెళ్లి ఆ చేత్తోనే ఇంత చేశాడు.

"నేను అనలేదు" అంది. "నీకు పని నేర్పమంటే నేర్పుతాను, తోటకి రా. పెట్టెలు మాత్రం నావి."

చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరేదాకా మరిది ఆమెతో పాటే గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, ఆమె తలుపు మూసిన ఒక్కో పెట్టెనీ కుదుపు లేకుండా వ్యాన్లోకి అందించాడు.

వ్యాన్ రోడ్డెక్కాక భర్త ఫోన్ చేశాడు. వంటవేళ దాటిపోతోంది, ఇంటికెప్పుడొస్తావన్నాడు.

"రాను" అంది.

అటు తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. ఆనక గొంతు తగ్గించి, అమ్మకి ఏం చెప్పమంటావని అడిగాడు.

"రానందని చెప్పండి. ఈసారి అది నేనన్న మాటే."